కునితాచి స్టేషన్ ముందున్న ఎర్ర కప్పు ఇల్లు 1926దా, 2020దా?

ప్రశ్న: మెట్టుగూడ పద్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏప్రిల్‌లో జపాన్ వెళ్లింది. టోక్యోకి పడమటి వైపు కునితాచి అనే ఊళ్లో, హితొత్సుబాషి విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ చదువుతోంది. దిగిన మర్నాడే ఊరి రైల్వే స్టేషన్ ఫొటో పంపింది. వెనక పొడుగ్గా, ఫ్లైఓవర్ లాంటి కాంక్రీటు స్టేషన్. దాని ముందు ఒక చిన్న ఇల్లు. చిన్నపిల్లల్ని ఇల్లు గీయమంటే ఎలా గీస్తారో అచ్చం అలాగే ఉంది. ఏటవాలుగా ఎర్ర కప్పు, తెల్ల గోడలు, నెత్తి మీద అర్ధచంద్రం లాంటి కిటికీ.

"ఇది 1926 నాటి స్టేషన్ అమ్మా" అంది. రెండు రోజులాగి "మా రూమ్మేట్ ఇది 2020లో కట్టిందే అంటోంది" అంది. ఇద్దరిలో ఎవరు కరెక్టు? ఇంకో డౌటు కూడా ఉంది. అక్కడి బోర్డు మీద ఫోన్ పెట్టి అనువాదం చేస్తే "నేషనల్ స్టేషన్" అని వచ్చిందట. అంటే ప్రభుత్వం ప్రత్యేకంగా కట్టించిందా?

ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, మా నాన్న లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో కార్పెంటరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఎనభై ఆరేళ్లు. మేం పుట్టి పెరిగింది మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లోనే. ఫొటో చూపిస్తే ఊరెక్కడ, పిల్ల తిండి తింటోందా అని కూడా అడగలేదు. కళ్లద్దాలు సర్దుకుని "చెక్కదా, సిమెంటుదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఆయనకు చదివి వినిపించాలి.

---

జవాబు: సాయంత్రం ఎంఎంటీఎస్

నాకు తెలిసినంతవరకు మీ అమ్మాయి రూమ్మేట్ చెప్పిందే నిజమండీ. పాత స్టేషన్‌ను 2006లో తీసేశారు. ఇప్పుడున్నది 2020 ఏప్రిల్‌లో తెరిచినది. పద్నాలుగేళ్లు అక్కడ లేని బిల్డింగ్ పాతది ఎలా అవుతుంది? చూడటానికి పాతదానిలా కట్టిన నకలు అనుకోవాలి.

---

జవాబు: నల్లగండ్ల చువో

పద్మగారూ, మీ ప్రశ్న చూసి ఆఫీసు బస్సులో కూర్చునే రాయడం మొదలుపెట్టాను. కొంచెం పొడుగవుతుంది, నాన్నగారికి రెండు విడతల్లో చదివి వినిపించండి.

నేను కునితాచిలో ఆరేళ్లున్నాను, 2014 నుంచి 2020 మార్చి దాకా. ఆఫీసు పక్క స్టేషన్ తాచికావాలో. పొద్దున్నే టోక్యో వైపు వెళ్లే బళ్లు కిక్కిరిసిపోతుంటే, నేను ఎదురు దిశలో మూడు నిమిషాలు కూర్చుని వెళ్లేవాణ్ణి. ఆ ఆరేళ్లలో చివరి ఏడాది దాకా ఆ ఎర్ర కప్పు ఇల్లు అక్కడ లేదు. దాని చెక్కలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

మీ ప్రశ్నకు సూటి జవాబు ఇది: అమ్మాయి చెప్పిందీ నిజమే, రూమ్మేట్ చెప్పిందీ నిజమే. కానీ పై మిత్రుడు అన్నట్టు అది నకలు మాత్రం కాదు. నాన్నగారికి చెప్పండి, అది చెక్క ఇల్లు. 1926లో కట్టారు. 2006లో కూల్చలేదు, విప్పారు. ఆ కలపను దాచి, 2020లో దాదాపు అదే చోట మళ్లీ నిలబెట్టారు. చెక్కలో సుమారు డెబ్బై శాతం పాతదే. కూల్చడం, విప్పడం ఒకటి కాదని కార్పెంటరుకు నేను చెప్పనక్కర్లేదు.

ముందు పేరు సంగతి. ఫోన్ తప్పేం చెప్పలేదు. ఆ రెండక్షరాలను 'కొకురిత్సు' అని చదివితే జాతీయ, ప్రభుత్వ అనే అర్థమే వస్తుంది. ఊరి పేరుగా చదివితే మాత్రం కునితాచి. ఈ పేరు పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. ఈ స్టేషన్‌కు తూర్పున కొకుబుంజి, పడమట తాచికావా అప్పటికే ఉన్నాయి. కొకుబుంజిలోని మొదటి అక్షరం, తాచికావాలోని మొదటి అక్షరం తీసుకుని పక్కపక్కన పెట్టారు. మొదటి అక్షరాన్ని కొకుబుంజిలో 'కొకు' అని పలుకుతారు, ఇక్కడ 'కుని' అంటారు. అక్షరం ఒకటే, పలుకు వేరు. హఫీజ్‌పేటకూ లింగంపల్లికీ నడుమ కొత్త స్టేషన్ పెట్టి రెండు పేర్లలోంచి చెరో ముక్క తెచ్చి అతికినట్టన్నమాట. 'కుని' అంటే దేశం, 'తాచి' అంటే నిలబడటం. కొత్త దేశం ఇక్కణ్ణుంచి లేస్తుంది అనే అర్థం కూడా అందులో ఇమిడి ఉందని ఊళ్లోవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

అంటే ఊరి పేరు స్టేషన్‌కు పెట్టలేదు, స్టేషన్ పేరే ఊరికి వచ్చింది. అంతకుముందు అది యాహో అనే గ్రామం. 1951లో టౌన్ అయినప్పుడు కునితాచి అని పేరు మార్చుకుంది, 1967లో నగరమైంది. ఆ పాత పేరు దక్షిణాన నంబు అనే ఇంకో రైల్వే లైన్‌లో ఉన్న యాహో స్టేషన్‌కూ, అక్కడి తెన్మాంగు గుడికీ మిగిలింది. ఆ గుడి చదువుల దేవుడిది. పరీక్షల ముందు పిల్లలు చిన్న చెక్క పలకల మీద కోరికలు రాసి వేలాడదీస్తారు. మీ అమ్మాయిని ఒకసారి వెళ్లి రమ్మనండి.

ఇక రైలు. కునితాచి మీదుగా పోయే చువో లైన్ 1889లో వేసింది. కోబు రైల్వే అనే ప్రైవేటు కంపెనీ షింజుకు నుంచి తాచికావా దాకా నడిపింది. 1906లో ప్రభుత్వం తీసుకుంది. మ్యాప్ తెరిచి చూడండి, హిగాషి నకానో నుంచి తాచికావా దాకా పాతిక కిలోమీటర్లు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. కునితాచి ఆ గీత మీదే ఉంది. కానీ మొదటి దాదాపు ముప్పై ఏడేళ్లు ఇక్కడ బండి ఆగేది కాదు, ఆగడానికి ఏమీ లేదు. గ్రామం దక్షిణాన ఉండేది, రైలు పట్టాల దగ్గరంతా అడవి.

ఆ అడవిలోకి స్టేషన్ వచ్చిందంటే కారణం 1923 సెప్టెంబర్ 1 నాటి భూకంపం. టోక్యో నడిబొడ్డున, హితొత్సుబాషి అనే చోట ఉన్న వాణిజ్య విశ్వవిద్యాలయం ఆ భూకంపంలో ధ్వంసమైంది. అదే మీ అమ్మాయి చదువుతున్న విశ్వవిద్యాలయం. 1949లో ఆ పాత చోటు పేరునే తన పేరుగా పెట్టుకుంది. అప్పట్లో త్సుత్సుమి యసుజిరో అనే వ్యాపారి హకోనే తోచి అనే భూముల కంపెనీ నడిపేవాడు. తర్వాతి కాలంలో సేయిబు రైల్వే కూడా ఆయన చేతిలోదే. విశ్వవిద్యాలయాన్ని తెస్తే దాని చుట్టూ ఊరు కట్టి ప్లాట్లు అమ్మొచ్చన్నది ఆయన లెక్క. యాహోలో దాదాపు పది లక్షల త్సుబోల అడవికి పథకం వేశాడు, మన లెక్కలో ఎనిమిది వందల ఎకరాల పైమాట. జర్మనీలోని గోటింగెన్ లాంటి విద్యానగరాన్ని మనసులో పెట్టుకున్నారని చెబుతారు. ఆయన కంపెనీయే స్టేషన్‌ను సొంత ఖర్చుతో కట్టి రైల్వేకి ఇచ్చేసింది. 1926 ఏప్రిల్ 1న బండి ఆగింది. విశ్వవిద్యాలయం మరుసటి ఏడాది నుంచి తరలిరావడం మొదలైంది. అంటే అప్పటికి ఊరు లేదు, ఊరి గుమ్మం మాత్రం ఉంది.

ఆయన పథకాలన్నీ ఫలించలేదు. ఓయిజుమిలో కూడా విశ్వవిద్యాలయం వస్తుందని ఊరు వేశాడు, రాలేదు. అయినా అక్కడి స్టేషన్ పేరు ఈనాటికీ ఓయిజుమి గకుయెన్, అంటే విద్యాలయం. పేరు మిగిలింది, బడి రాలేదు. కునితాచిలో రెండూ కుదిరాయి.

మీ అమ్మాయిని స్టేషన్‌కు వీపు పెట్టి నిలబడమనండి. ఎదురుగా మూడు రోడ్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. నడుమ తిన్నగా దక్షిణానికి పోయేది దాయ్‌గకు దోరి, అంటే విశ్వవిద్యాలయం వీధి. వెడల్పు 44 మీటర్లు. 1920లలో అడవిలో అంత రోడ్డు వేశారంటే ఆ ధైర్యానికి ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. రెండు వైపులా చెర్రీ చెట్లు, గింకో చెట్లు. ఎడమకు పోయేది అసాహి దోరి, ఉదయభానుడి వీధి. కుడికి పోయేది ఫుజిమి దోరి, ఫుజి కనబడే వీధి. నిజంగానే కనబడుతుంది. చలికాలం పొద్దున్న, గాలి శుభ్రంగా ఉన్న రోజు, ఆ వీధి చివర కరెంటు తీగల మధ్య తెల్లగా ఫుజి కొండ నిలబడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు చేతిలో కూరగాయల సంచితో అక్కడే ఆగిపోయాను. వెనకాల సైకిల్ మీద వచ్చినావిడ బెల్లు కొట్టకుండా నా పక్కనే దిగి, తనూ రెండు క్షణాలు చూసి వెళ్లిపోయింది.

ఇక 2006. చువో లైన్‌లో రెండు మూడు నిమిషాలకో బండి. రోడ్డు మీది గేట్లు పడితే లేచేవి కావు. వాటికి అక్కడ 'తెరుచుకోని గేట్లు' అనే పేరే ఉంది. అందుకని మితాకా నుంచి తాచికావా దాకా 13 కిలోమీటర్లు పట్టాలను పైకెత్తారు. 18 గేట్లు పోయాయి, 2010కల్లా పని పూర్తయింది. ఆ పనికి పాత స్టేషన్ అడ్డొచ్చింది. అప్పటికి టోక్యోలో మిగిలిన చెక్క స్టేషన్లలో హరాజుకు తర్వాత ఇదే పాతది. కూల్చేస్తే పని తేలిక. కానీ ఊళ్లోవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి నగరపాలిక దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించి, విప్పించి దాచింది.

మా వీధిలో ఒక టోఫూ కొట్టు ఉండేది. గోడకి పాత స్టేషన్ బొమ్మ ఉన్న క్యాలెండర్. సంవత్సరం ఎప్పుడో దాటిపోయింది, ఆ పేజీ మాత్రం తీయలేదు. నేను భాష నేర్చుకుంటున్న రోజుల్లో ఆ కొట్టు పెద్దావిడే ఆ బొమ్మ చూపించి కప్పు, కిటికీ, గోడ అని మాటలు నేర్పింది. "ఇది ఎక్కడుంది?" అని అడిగితే "నిద్రపోతోంది" అంది. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

నేనున్న చివరి ఏడాది స్టేషన్ ముందు కంచె వేసి పని చేస్తుండేవాళ్లు. రోజూ సాయంత్రం దిగి ఒక నిమిషం ఆగి చూసేవాణ్ణి. ఎర్ర కప్పు కళ్లకు కనిపించాక, తెరిచే రోజు లోపలికి వెళ్లాలని అనుకున్నాను. అంతలో కరోనా. మార్చి మధ్యలో దొరికిన విమానం ఎక్కి శంషాబాద్‌లో దిగాను. ఏప్రిల్‌లో దాన్ని తెరిచారు. ఆరేళ్లు ఎదురుచూసిన గుమ్మంలో నేను అడుగు పెట్టలేదు.

అందుకే అమ్మాయి అదృష్టవంతురాలు అంటాను. ఇప్పుడది టికెట్ గేటు కాదు, రైలెక్కేది వెనక ఉన్న ఎత్తు స్టేషన్‌లోనే. ఇందులో కూర్చోవచ్చు, ఊరి చరిత్ర చూడొచ్చు. ఊరికే లోపలికి వెళ్లి కాసేపు కూర్చోమని చెప్పండి.

---

జవాబు: సాయంత్రం ఎంఎంటీఎస్

విప్పి దాచారన్న సంగతి నాకు తెలియదండీ. తీసేశారని చదివి కూల్చేశారనుకున్నాను. నకలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ముప్పై శాతం కొత్త చెక్క అయినప్పుడు దాన్ని 1926 కట్టడం అనొచ్చా? ఇది వాదన కోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

జవాబు: బర్కత్‌పురా పాతగోడలు

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి, కాబట్టి ఈ ఒక్క విషయం మీద నాలుగు మాటలు.

అనొచ్చు. చెక్క కట్టడానికి ప్రాణం దాని చట్రం. స్తంభం, దూలం, వాసం ఒకదానికొకటి కూర్చి నిలబెట్టేది. కట్టిన క్రమానికి తలకిందుల క్రమంలో విప్పితే మళ్లీ కట్టొచ్చు. కాకపోతే విప్పే ముందే ప్రతి ముక్కకూ గుర్తు వేయాలి, ఏది ఎక్కడిదో గీతలు గీసి పెట్టుకోవాలి. స్తంభం అడుగు చెమ్మకు పాడైతే స్తంభం మొత్తం పారేయరు. పాడైనంత మేర కోసి, కొత్త చెక్కను కుసి, బెజ్జం (ఒకదాని కొన ఇంకోదాని రంధ్రంలో దిగేలా) చేసి అతుకుతారు. జపాన్‌లో గుళ్లను తరతరాలుగా ఇలాగే విప్పి బాగుచేస్తున్నారు. మన ఊళ్లలో కూడా పెంకుటిల్లు విప్పినప్పుడు దూలాలూ గడపలూ జాగ్రత్తగా దించి కొత్తింట్లో వాడుకున్నవాళ్లు లేరా? తాతగారి గడప అనే అంటాం కదా, కొత్త గోడలో ఉన్నా.

ఇందులో చట్టం ముడి ఒకటి ఉంది, అది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. స్టేషన్ ముందు జనసమ్మర్దం ఉండే చోట అగ్నిప్రమాద నిబంధనలు గట్టిగా ఉంటాయి. మామూలుగా అయితే అక్కడ కొత్తగా చెక్క ఇల్లు కట్టనివ్వరు. ఒకసారి విప్పాక మళ్లీ కట్టడానికి అనుమతి దొరకదు. నగరపాలిక 2006లో, విప్పడానికి ముందే, దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించడంతో ఆ నిబంధన నుంచి మినహాయింపుకు దారి దొరికింది. ప్రకటన ముందు, విప్పడం తర్వాత. ఈ వరస తప్పి ఉంటే చెక్కలెంత భద్రంగా దాచినా మ్యూజియంలో పెట్టుకోవడానికే పనికొచ్చేవి.

నా అనుభవంలో వరస తప్పిన పని ఒకటుంది. ఎక్కడ, ఎవరిదన్నది వద్దు. ఒక పాత బంగళా టేకు చట్రాన్ని విప్పి పక్కన పెట్టించాం, మళ్లీ కడతామన్నారు. గుర్తులు సుద్దముక్కతో వేశారు. ఒక్క వానాకాలానికి అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మంచి టేకు, పురుగు పట్టలేదు, వంకర పోలేదు. కానీ ఏ ముక్క ఎక్కడిదో చెప్పేవాళ్లు లేరు. కలప లెక్కన అమ్మేశారు. ఆ సుద్ద గీతలు ఇప్పటికీ కళ్లలో మెదులుతాయి. కునితాచి కలప పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ తన చోట తాను కూర్చుందంటే గుర్తులు ఎంత శ్రద్ధగా వేశారో ఊహించగలను.

---

మెట్టుగూడ పద్మ

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. నాన్నకు మొత్తం చదివాను. సుద్దముక్క దగ్గరికి వచ్చేసరికి "అయ్యో" అని నుదురు కొట్టుకున్నారు. "సుద్ద కాదు, ఉలితో గాటు పెట్టాలి" అన్నారు. వాళ్ల వర్క్‌షాపులో కోచ్ తలుపులు విప్పితే అంచున ఉలితో చిన్న గాట్లు పెట్టేవారట. ఒక గాటు, రెండు గాట్లు, మూడు గాట్లు. మీద రంగు వేసినా వేలితో తడిమితే తెలిసేదట.

ఇంకో మాట అడగాలి. 2025లో మా సికింద్రాబాద్ స్టేషన్ పాత ముందు భాగం తీసేశారు. ఆ కమానుల కింద నుంచి నలభై ఏళ్లు నడిచాను. పెళ్లయి వెళ్లినప్పుడూ, పిల్ల పుట్టాక మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడూ అక్కడే దిగాను. జనం పెరిగారు, పెద్ద స్టేషన్ కావాలి, అది నాకూ తెలుసు. కానీ కునితాచి లాగా విప్పి దాచి మళ్లీ పెట్టే వీలు దానికి ఉండేదా?

---

జవాబు: బర్కత్‌పురా పాతగోడలు

అంత తేలిక కాదు పద్మగారూ. నిజాయితీగా చెప్పాలంటే తాపీపని విప్పితే ఎక్కువగా మిగిలేది ముక్కలే. చెక్కకు ఉన్నట్టు దానికి కీళ్లు ఉండవు. చెక్కిన రాయి అయితే నంబర్లు వేసి దించొచ్చు. గోడకు పూసిన పూత, దాని మీది అచ్చులు మాత్రం రావు. తాపీ కట్టడాన్ని కాపాడాలంటే ఉన్నచోటే ఉంచి, కొత్తది దాని వెనకో పక్కనో కట్టుకోవడమే ఉత్తమం. మన దగ్గర కాచిగూడ ఉంది చూడండి, 1916 నాటిది, ఇప్పటికీ దాని గుమ్మటాల కింద నుంచే జనం బండెక్కుతున్నారు. మీరు ఈసారి అటు వెళ్తే లోపలికి పరుగెత్తకుండా ఒక్క నిమిషం ఎదురుగా నిలబడి చూడండి.

చెక్కదైతే చాలు నిలుస్తుంది అనుకోకండి. టోక్యోలోనే, 1924లో కట్టిన హరాజుకు చెక్క స్టేషన్‌కు సరిగ్గా 2020లోనే కాలం చెల్లింది. పక్కనే కొత్త స్టేషన్ తెరిచాక దాన్ని విప్పేశారు. ఒకే ఏడాది ఒకటి పోయింది, ఒకటి తిరిగొచ్చింది. రెండూ చెక్కవే. తేడా ఊరివాళ్లు పట్టుబట్టిన తీరులో ఉంది.

---

జవాబు: నల్లగండ్ల చువో

పట్టుబట్టడం అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. కునితాచికి అది పాత అలవాటు.

యుద్ధం తర్వాత పక్కన తాచికావాలో అమెరికా సైనిక స్థావరం ఉండేది. కొరియా యుద్ధం రోజుల్లో సైనికుల కోసం వెలిసిన బార్లు, లాడ్జీలు కునితాచి దాకా పాకాయి. పిల్లలు చదువుకునే ఊరు ఇది అని గృహిణులు, విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి కదిలారు. 1952లో ఊరిని విద్యా ప్రాంతంగా ప్రకటింపజేసుకున్నారు. అలాంటి వ్యాపారాలు అక్కడ కుదరవు. పద్మగారూ, పిల్ల రాత్రి లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తుందని టెన్షన్ పడుతుంటే, ఆ వీధులు అంత నెమ్మదిగా ఉండటానికి డెబ్బై ఏళ్ల కిందటి తల్లులు కారణమని గుర్తు పెట్టుకోండి.

తర్వాత చెట్ల గొడవ. దాయ్‌గకు దోరిలో చెట్లు సుమారు 20 మీటర్ల ఎత్తు. అక్కడ 44 మీటర్ల ఎత్తు అపార్ట్‌మెంట్ లేచింది. ఊళ్లోవాళ్లు కోర్టుకెక్కారు. 2002లో జిల్లా కోర్టు 20 మీటర్ల పైనున్న భాగం తీసేయమంది. పై కోర్టు కాదంది. 2006 మార్చిలో సుప్రీంకోర్టులో ఊరివాళ్లు ఓడిపోయారు, ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. కానీ ఆ తీర్పులోనే, చక్కటి పరిసరాల మధ్య బతికే జనానికి ఆ దృశ్యం మీద చట్టం కాపాడదగిన ప్రయోజనం ఉంటుందని కోర్టు ఒప్పుకుంది. కేసు పోయింది కానీ ఆ మాట మిగిలింది. జపాన్‌లో ఆ తర్వాత ఇలాంటి గొడవలు వచ్చినప్పుడు ఆ మాటనే గుర్తు చేస్తుంటారు.

2024లో అయితే ఎవరూ ఊహించనిది జరిగింది. ఫుజిమి దోరిలో పదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టడం పూర్తయింది, కొన్నవాళ్లకు తాళాలిచ్చే సమయం వచ్చింది. అది కొండను మూసేస్తోందని కట్టిన కంపెనీయే నిలిపేసి, కూల్చేయాలని నిర్ణయించింది. నేను కూరగాయల సంచితో ఆగిన వీధి అదే. మా నల్లగండ్ల చెరువు చుట్టూ లేచే టవర్లు చూసినప్పుడల్లా ఆ వార్త గుర్తొస్తుంది.

నాన్నగారికి ఇంకోటి. స్టేషన్ ఉత్తరం గుమ్మం నుంచి కాస్త నడిస్తే హికారి చో అనే పేట. నా అద్దె గది ఆ పక్కనే. రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే. 1964లో మొదలైన షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు వెనక ఆ సంస్థ పరిశోధన ఉంది. ఆ బండి పేరు హికారి, అంటే వెలుగు. దాని పేరే పేటకు పెట్టుకున్నారు. అక్కడ హికారి ప్లాజాలో 951 అనే ప్రయోగాత్మక బోగీ ఉంది, 1972లో గంటకు 286 కిలోమీటర్ల వేగం అందుకున్నది. దాని పక్కన నిలబడి అమ్మాయిని ఫొటో దిగమనండి.

అమ్మాయికి చిన్న చిట్కా కూడా. చువో స్పెషల్ రాపిడ్ కునితాచిలో ఆగదు. షింజుకు నుంచి వచ్చేటప్పుడు అదెక్కితే కొకుబుంజిలో దిగి మామూలు రాపిడ్ పట్టుకోవాలి. నేను మొదటి నెలంతా తాచికావా దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ణి.

విశ్వవిద్యాలయంలో కనెమాత్సు హాలు చూడమనండి, 1927 నాటిది. కట్టింది ఇతో చూతా. ఆయన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చైనా, మన దేశం, టర్కీ దాకా కట్టడాలు చూస్తూ తిరిగిన మనిషి. టోక్యోలో ఆయన కట్టిన త్సుకిజి హొంగాంజి గుడిలో మన బౌద్ధ కట్టడాల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. కనెమాత్సు హాలుకు వింత జంతువుల బొమ్మలు చెక్కించాడు. వాటిని వెతుకుతూ ఒక సాయంత్రం గడిపేయొచ్చు.

---

మెట్టుగూడ పద్మ

ఆదివారం అమ్మాయి వీడియో కాల్ చేసింది, ఎర్ర కప్పు ఇంట్లోంచి. చువోగారూ, మీ తరఫున లోపల కూర్చోమన్నాను, పావుగంట కూర్చుంది. 951 దగ్గరకు వచ్చే వారం వెళ్తానంది.

నాన్న తాతా మనవరాలి ముచ్చట్లేమీ పెట్టలేదు. "ముందు వైపు అందరూ చూపిస్తారు, చూరు కిందకి రా, ఫోన్ పైకి తిప్పు" అన్నారు. అది బయటికెళ్లి తిప్పింది. "ఇంకా నెమ్మదిగా" అన్నారు. ఎండ పడి తెర తెల్లబడితే చెయ్యి అడ్డం పెట్టుకోమన్నారు. ఎనిమిది వేల రూపాయల ఫోన్‌ను కళ్లకి ఆనించుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

రాత్రి మందులు ఇస్తుంటే అడిగారు. విప్పింది 2006లో, నిలబెట్టింది 2020లో. పద్నాలుగేళ్లంటే ఒక మేస్త్రీ రిటైరైపోయేంత కాలం. గుర్తులు వేసిన చేతులే మళ్లీ కట్టాయా, లేక ఒకరు పెట్టిన గుర్తుల్ని ఇంకొకరు చదువుకుని కట్టారా అని. చదువుకుని కట్టి ఉంటే వాళ్లు ఇంకా గొప్పవాళ్లు అన్నారు.

పాతగోడలుగారూ, మీకు గానీ మీ వృత్తిలోవాళ్లకు గానీ ఈ సంగతి తెలిస్తే చెప్పండి. రోజూ అడుగుతున్నారు.